కత్తోళ్ళం ఎట్లయినామంటే

మా మరిది చిక్కబళ్ళాపురంలో సిమెంటంగడి పెట్టుకోని ఉండాడు. మనిషి చెడ్డోడు కాదు. దినమంతా సిమెంటు మూటల మధ్యలో కూర్చుంటే ఏమవుతాదో ఏమో, యాడ కాస్త ఖాళీ జాగా కనిపించినా దాంట్లో ఏదో ఒకటి లేపల్ల అనిపిస్తాది ఆయప్పకు. ఇంటి మీద ఇల్లు లేపినాడు. వాకిట్లో జత సింహాలు లేపినాడు. వాటికి బంగారు రంగు కొట్టిస్తే అది వానలకు పసుప్పచ్చగా తిరిగి, ఇప్పుడవి కామెర్లొచ్చిన పిల్లుల మాదిరి ఉండాయి. ఇంక లేపేదానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, పోయినేడు మా వంశాన్ని లేపే పని పెట్టుకున్నాడు.

దీనికంతా మూలం అమెరికాలో ఉండే ఒక ముసలామె. ఆమె మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఫోన్లో కనిపించింది.

ఆ దినం మరిది మనవరాలికి చెవులు కుట్టించినారు. బట్లహళ్ళి దగ్గర మా ఊరినుంచి నేనూ మా ఇంటాయనా పొద్దన్నే బయలుదేరి పోతిమి. భోజనాలైనాక ఎవర్నీ లేవనియ్యకుండా హాల్లో కూర్చోబెట్టి, ఫోన్ను టీవీకి తగిలించి, "చూడండి, వంశమంటే ఏందో చూడండి" అని మరిది మొదలుపెట్టె. తెల్ల జుట్టు, కళ్ళద్దాలు, ప్యాంటు వేసుకున్న ముసలామె. ఆమె ఇంగ్లీషులో ఒక మాటంటే మా మరిది తెలుగులో దానికి నాలుగు చేర్చి చెప్తాండె. ఆమె ముత్తాతకు తాత ఎవరో, ఆ పక్క ఊర్లే లేని కాలంలో, పెండ్లాన్నీ పిల్లల్నీ బండిలో ఎక్కించుకోని పొద్దు మునిగే దిక్కుకు పోయినాడంట. ఎవరూ దున్నని నేల దున్నినాడంట. ఎవరూ లేని చోట ఇల్లు కట్టినాడంట.

"నిజంగా ఎవరూ లేరా అప్పా ఆడ?" అంటి.

"అడవి వదినా. అడవి మనుషులు ఉండ్రి, అంతే."

"ఉంటే మరి లేనట్లెట్ల?"

"అదంతా వేరే కథ వదినా. నువ్వు చూడు."

చూస్తి. ఆ ముసలామె ఊరూరూ తిరిగింది. గోరీల మధ్య వంగి వంగి పేర్లు చదివింది. చర్చిలో అడిగింది, ముక్కూ మొఖం తెలీని వాళ్ళ తలుపులు తట్టింది. కడాకు ఎవరిదో గడ్డి కొట్టంలో ఆ తాత బండి చక్రం ఒకటి చిక్కింది. సగం చెదలు తినేసిన చక్రం. దాని మీద చెయ్యి పెట్టుకోని ముసలామె ఏడ్చింది. నాకూ కండ్లలో నీళ్ళు తిరిగె. అబద్ధమేంటికి చెప్పల్ల, ఆమె నాకు నచ్చింది.

అప్పుడు ఆ బండిది పాత పటం ఒకటి చూపించినారు. బండి ముందర కట్టిన జంతువులను చూసి మా మరిది పొంగిపాయె.

"చూడండి ఆ గుర్రాలను! ఎట్లుండాయో!"

"ఏమప్పా, గుర్రాలకు అంతంత చెవులా?"

"అవి అమెరికా గుర్రాలు వదినా."

"కంచరగాడిదలప్పా అవి. అమెరికాలో అయినా చెవులు చెవులే కదా."

మా తోడికోడలు, అంటే మరిది పెండ్లాం, నోటికి కొంగు అడ్డం పెట్టుకోని వంటింట్లోకి పాయె. మరిది టీవీ ఆపేసినాడు.

"నవ్వండి, బాగా నవ్వండి. ఆమెకొక చక్రం చిక్కితే లోకమంతా చూస్తాండాది. మన మూలపురుషుడెవరో మనలో ఒక్కరికన్నా తెలుసునా?"

"తెలుసు కదప్పా. మీయమ్మ చెప్పలేదా నీకు?"

"అమ్మ చెప్పింది కథ వదినా. నాకు కావల్సింది చరిత్ర."

ఆ కథ ఏందో చెప్తాను. నేను కోడలుగా వచ్చిన దినం మా అత్త నన్ను నేరుగా ఇంట్లోకి రానియ్యలేదు. కొత్త మెట్టెలు కాళ్ళకు ఒరుసుకుంటాంటే చేనుకాడికి నడిపించుకోని పాయె. చేనికీ దోవకీ మధ్య గట్టు మీద ఒక రాతితొట్టి ఉండాది. ఒకే బండను తొలిచిన తొట్టి. పసులు నీళ్ళు తాగే తొట్ల మాదిరిదే కానీ పొట్టిది. "దీంట్లో ఒక కడవ నీళ్ళు పొయ్యి, ఆమీటనే ఇల్లు" అనె. పోస్తి. ఏంటికని అడిగితే, పెండ్లివాళ్ళందరూ ఎండలో నిలబడి చూస్తాండంగానే తీరిగ్గా చెప్పింది.

మా మూలం ఈ ఊరు కాదు. ఎప్పటి కరువులోనో కదిరి పక్కనుంచి వచ్చినారంట. మొగుడు, పెండ్లాం, చంకలో బిడ్డ. ఎద్దులు కరువుకు పోయినాయి. ఆ ఊర్లో బట్టలుతికే వాళ్ళు తామూ ఊరిడిసి పోతా, "మాకే తినేదానికి లేదు, దీనికేం పెడ్తాము" అని తమ గాడిదను వీళ్ళకిచ్చి పోయినారంట. దాని మీద ఒక పక్క తిరగలి, ఒక పక్క రాగి విత్తనాల మూట, మధ్యలో బిడ్డ. ఈడికి వచ్చేటప్పటికి గుట్ట కింద ఈ నేలంతా రాళ్ళూ కంపా. ఎవరికీ పనికిరాదని వదిలేసిండ్రి. ఆ గాడిదతోనే రాళ్ళు మోయించినారు, నీళ్ళు మోయించినారు. మొదటి పంట దాని వీపు మీదే ఇల్లు చేరె. అది తాగేదానికి ఆ మొగుడు తన చేతుల్తో తొలిచింది ఆ తొట్టి.

పక్క ఊర్లోవాళ్ళు కన్నడమోళ్ళు. వీళ్ళ పేరేందో, యాడనుంచి వచ్చినారో వాళ్ళకేం తెలుసు? "కత్తె తోలుకోని వచ్చినోళ్ళు" అనిరి. కన్నడంలో కత్తె అంటే గాడిద. కత్తెయవరు, కత్తెయవరు అని వాళ్ళంటాంటే మన తెలుగు నోర్లు దాన్ని కత్తోళ్ళు చేసినాయి, అదే ఇంటిపేరై నిలబడె. కత్తె పక్కన ఓళ్ళు చేరేటప్పటికి ఆ కడా అక్షరం ఎత్వం యాడికి పాయెనో పాయె. కత్తెను పెట్టినా కత్తోళ్ళే, కత్తిని పెట్టినా కత్తోళ్ళే. మా మరిది దూరింది ఆ సందులోనే.

ఆ గాడిద చేసిన మేలుకని తొలకరి వాన పడి విత్తనం బయటికి తీసే దినం, నానబెట్టిన ఉలవలు ముందు ఆ తొట్టిలో పొయ్యల్ల. ఊర్లో ఎవరి గాడిదనన్నా తోలుకొచ్చి తినిపించల్ల. అది మూతి పెట్టి తిన్నాకనే మా విత్తనం గడప దాటల్ల. ఇంకొకటి, మా ఇంట్లో ఎంత కోపమొచ్చినా ఎవర్నీ గాడిదా అని తిట్టకూడదు. ఎనుమా అనొచ్చు, దున్నపోతా అనొచ్చు, కోతీ అనొచ్చు. గాడిద మాత్రం మా ఇంట్లో తిట్టు కాదు. పిల్లోళ్ళ నోట్లోనుంచి ఆ మాట తిట్టుగా వస్తే మా అత్త ఆ నోట్లోనే ఉప్పుకల్లు వేసి నిలబెట్టేది. మా ఇంటాయన, మరిది, ఇద్దరూ ఆ ఉప్పు తిని పెరిగినోళ్ళే.

ఇదీ మా కథ. ఇది మా మరిదికి చాల్లేదు.

చింతామణిలో ఒక మేష్ట్రు ఉండాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు అడిగినోళ్ళకు వంశాలు కుట్టిస్తాడు, దర్జీ కొలతలు తీసుకోని చొక్కా కుట్టినట్ల. ఆయప్ప రాసిన వంశాల్లో కూలికి పోయినోడు ఒక్కడూ లేడు. చుట్టుపక్కల ఉండేదంతా పాళెగార్లే, దండనాయకులే. మరి ఆ కాలంలో రాగులెవరు పండించినారో, ఆ దండుకంతా సంగటి ఎవరు కెలికినారో ఆయప్పే చెప్పల్ల. అన్నం పప్పు పెట్టిన ఇంటికి ఒక గుర్రం వస్తాది. కోడిని కోసిన ఇంటికి ఏనుగు వస్తాది. మా మరిది పొట్టేలును కోసినాడు.

పొట్టేలు అరిగేలోపలే చరిత్ర తేలిపాయె. కత్తోళ్ళంటే కత్తి పట్టినోళ్ళంట. మా మూలపురుషుడు ఎవరో పాళెగాడి దగ్గర మహావీరుడంట. ఒంటిచేత్తో కోటవాకిలి కాపాడినాడంట.

మా ఇంటాయన మాట్లాడేదే తక్కువ. ఆ దినం నోరు తెరిచె. "ఏ కోట సార్?"

"ఇప్పుడు లేదు," అనె మేష్ట్రు. "శత్రువులు పడగొట్టేసినారు."

"మరి కాపాడినాడంటిరే?"

మేష్ట్రు ఇంకో ఎముక అందుకున్నాడు.

అక్కణ్ణుంచి మా మరిదికి నిద్ర లేదు. విగ్రహం పెట్టల్ల, దానికొక మండపం కట్టల్ల. వీరుడు ఎట్లుండెనో ఎవరికీ తెలీదు కాబట్టి ఇద్దరూ నంది గుడికి పోయి స్తంభాల మీది బొమ్మలను ఫోటోలు తీసుకొచ్చినారు. మీసం ఒక స్తంభానిది. తలపాగ ఇంకో స్తంభానిది. నడుముకు కట్టింది ఏ స్తంభానిదో, అది మొగబొమ్మో ఆడబొమ్మో కూడా చూసినట్ల లేదు. ముక్కు మాత్రం అచ్చం మా మరిదిది.

అదంతా ఆయప్ప సంతోషం, ఉండనీ అనుకుంటి. కానీ జాగా యాడ చూసినాడు? దోవలో పోయే బస్సుల్లోవాళ్ళకు కనిపించల్లని చెప్పి, సరిగ్గా మా చేనిగట్టు మీద, తొట్టి ఉండే చోటే గుర్తు పెట్టినాడు. వీరుడు పడింది ఆడనే అని మేష్ట్రు తేల్చినాడంట. "మరి తొట్టి?" అంటే "పగలగొట్టి పునాదిలో వేస్తాము వదినా, మంచి గట్టి రాయి" అనె. ఏదో పొగిడినట్ల చెప్పినాడు. ఆ మాట విన్నకాణ్ణుంచి నాకు సంగటి దిగలేదు. వీరుణ్ణి ఎంత ఎత్తైనా లేపుకో, ఆ తొట్టిని మాత్రం పగలనియ్యను అనుకుంటి.

వంశంలో పెద్దదిక్కు ఆశీర్వాదం తీసుకుంటే బాగుంటాదని మేష్ట్రే చెప్పినాడు. పెద్దదిక్కంటే మా మామ చెల్లెలు, మా పెద్దత్త. బాగేపల్లిలో కొడుకుల దగ్గర ఉండాది. చెవి మందం, మిగతా అంతా పదును. మరిది కార్లో నన్నూ ఎక్కించుకున్నాడు. ముసలామెకు నేనంటే ఇష్టం, నేనుంటే తలూపుతాదని ఆయప్ప లెక్క.

మేష్ట్రు పెద్దత్త ముందర చాప మీద కూర్చోని, సభలో మాట్లాడినట్ల కన్నడంలో అడిగె. "అజ్జీ, నిమ్మ వంశద కత్తి హేగిత్తు?" మీ వంశంలో ఆ కత్తి ఎట్లుండె అని.

పెద్దత్త చెవిలో పడింది కత్తె. మొఖమంతా వెలిగిపాయె. "బూడిద రంగు నాయనా. మాయవ్వ చెప్పేది."

మేష్ట్రు రాసుకునె. "ఎంత ఎత్తు ఉండె?"

"నా నడుమెత్తంట. పొట్టిదే కానీ మొండిది."

"భలే! దాంతో ఎవరినన్నా కొట్టినారా?"

"దాన్ని ఎవరూ కొట్టే పనే లేదు. అదే తన్నేది. తిక్కరేగితే వెనక్కాళ్ళతో."

మేష్ట్రు రాసే చెయ్యి ఆగిపాయె. "వెనక్కాళ్ళా? ఎవరివి?"

"ఇంకెవరివి, కత్తెవి!"

మేష్ట్రు మా మరిదిని చూసె. మా మరిది ఫ్యాన్ను చూసె. "వయసైపాయె సార్, మతిమరుపు" అని గొణిగె. ఏమి కర్మమో, ఆ గొణిగింది మాత్రం పెద్దత్తకు స్పష్టంగా వినిపించె.

"మతిమరుపు నాకా? తొట్టిలో పొయ్యమని ఉలవల గిన్నె చేతికిస్తే దోవలోనే సగం బుక్కేసేవాడివి కదరా. గాడిద కంటే ముందు నువ్వే తింటాండావని మీయమ్మ మొత్తుకునేది. అది మర్సిపోయింది నేనా నువ్వా?"

నాకు నవ్వు ఆగలేదు. మేష్ట్రు కూడా మీసం తుడుచుకునే సాకుతో నోరు మూసుకునె. అప్పుడు విగ్రహం సంగతీ, మండపం సంగతీ మరిది గట్టిగా అరిచి చెప్పినాడు. తొట్టి సంగతి చెప్పకుండా దాటేద్దామని చూసినాడు. నేను దాటనియ్యలేదు. "తొట్టిని తీసేస్తారంటత్తా" అని చెవిలో చెప్తి.

ముసలామె మరిదిని కాదు, నన్ను చూసి చెప్పింది. "పెండ్లయి ఈ ఊరికి వచ్చే దినం ఆ తొట్టిలో నీళ్ళు పోసి వచ్చిన్దాన్నమ్మా నేను. నేను పుట్టిన ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు, సరే. బావి పూడిపాయె, సరే. పుట్టింటిదని చెప్పి నాకు మిగిలింది అదొక్క రాయి. అదీ లేకపోతే నేనింక ఏమి చూడల్లని రావల్ల?"

"నేను చూసుకుంటానత్తా" అంటి.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో మేష్ట్రు, ముసలోళ్ళు నోటితో చెప్పేవి ఆధారాలుగా తీసుకోలేము అనె. మరి కోట సంగతి, శత్రువుల సంగతి ఆయప్పకు ఏ నోరు లేకుండా తెలిసినాయో అడుగుదామనుకుంటి. పొట్టేలు నోటితోనే అయ్యుండల్ల.

పని మొదలుపెట్టే దినం వచ్చె. మండపం కట్టే బేల్దారి ఇద్దరు మనుషుల్ని తీసుకోని, పెద్ద సుత్తి తీసుకోని పొద్దన్నే వచ్చినాడు. నేను వాళ్ళకంటే ముందే పోయి తొట్టి నిండా నీళ్ళు పోసి, ఇంట్లో ఉండే దుప్పట్లన్నీ దాంట్లో నానబెట్టి ఉంటి.

"ఏమక్కా ఇది?"

"కనిపించలేదాప్పా? దుప్పట్లు. నానల్ల. నానినాక ఉతకల్ల. అందాకా కూర్చోండి, టీ పంపిస్తా."

వాళ్ళకేం పోయింది, వేపచెట్టు కింద కూర్చున్నారు. టీ తాగినారు. వక్కాకు వేసుకున్నారు. దుప్పట్లు నానుతా ఉండె. ఎండ నడినెత్తికొచ్చేటప్పటికి చిక్కబళ్ళాపురంనుంచి మా మరిది కారు దిగినాడు. పలుగూ పారా పడినచోటే పడి ఉండాయి. సుత్తి చల్లగా ఉండాది. బేల్దారి కునుకు తీస్తాండాడు. ఆయప్పకు మండిపాయె.

"ఇంకా మొదలే పెట్టలేదా? ఏంరా, నిన్ను పిలిపించింది పండుకునేదానికా? ఒరే, గా..."

అంతే. ఆ మాట గొంతులో అడ్డం పడె. మెడ నరాలు లేచినాయి, మొఖం ఎర్రబడె. దాన్ని గుటుక్కున మింగి, "...దున్నపోతా!" అని ముగించినాడు.

గట్టు మీద మా ఇంటాయన నిలబడి ఉండె. ఆయనకు నవ్వొస్తే భుజాలు మాత్రమే కదులుతాయి. ఆ భుజాలు ఊగినట్ల నేనెప్పుడూ చూల్లేదు.

"ఏమప్పా," అంటి మరిదిని, "నోటిదాకా వచ్చినదాన్ని ఏంటికి మింగితివి? కత్తి పట్టినోళ్ళకు భయమేంది? అను, వింటాము."

"వదినా, ఊరికే ఉండు."

"నేనుంటా. నిన్ను మింగమనింది ఎవరు? పాళెగాడా? మేష్ట్రు చెప్పిన వీరుడా? ఇన్నేండ్లు పట్నంలో ఉండి, కార్లు తోలి, అంగడిలో అందర్నీ నానా మాటలూ అని, ఆ ఒక్క మాట దగ్గర నీ నాలుక నిలబడిందంటే, కథ నమ్మనోడివా నువ్వు?"

ఆయప్ప వచ్చి తొట్టి అంచు మీద కూర్చునె. తడి అని కూడా చూసుకోలేదు. బేల్దారికి వినిపించకుండా మెల్లగా చెప్పినాడు.

"నన్ను చిక్కబళ్ళాపురం హాస్టల్లో వేసినారు కదా. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు రాంగానే వెనక బెంచీవాళ్ళు ఓండ్ర పెట్టేవాళ్ళు. వాళ్ళు కన్నడమోళ్ళు వదినా, వాళ్ళకు అర్థం చెప్పాల్సిన పనే లేదు. బడి చదువు ముగిసేదాకా దినమూ అదే. ఇప్పుడు మా పిల్లోనికి సంబంధం మాట్లాడ్తాండాము. బెంగుళూరోళ్ళు. కత్తోళ్ళంటే ఏమిటని అడిగినారు. ఏం చెప్పమంటావు?"

అయ్యో పాపం అనిపించె. చూడండి, అనిపించలేదని చెప్పను. ఆ హాస్టలు పిల్లోడు ఇప్పుడూ నా కండ్ల ముందర నిలబడ్తాడు. కానీ నా ముందర కూర్చున్నది ఆ పిల్లోడు కాదు, పెద్ద సుత్తి తెప్పించిన మనిషి.

"ఓండ్ర పెట్టింది వాళ్ళు కదప్పా. సిగ్గు వాళ్ళది. దాన్ని నువ్వేంటికి ఇంతకాలం మోస్తాండావు? ఆ అమెరికా ముసలామెను నువ్వే చూపిస్తివి. చెదలు తిన్న చక్రం చిక్కితే అందరి ముందరా పట్టుకోని ఏడిసె. నీది చెదలు పట్టేది కూడా కాదు. దాన్ని సుత్తితో కొట్టించేదానికి కారేసుకోని వస్తివే!"

ఆయప్ప లేచి, తడిసిన ప్యాంటు దులుపుకునె. "రేపు పొద్దున్నకు జాగా ఖాళీ కావల్ల. దీన్ని యాడికన్నా తీసుకపో" అని కారెక్కి పాయె. అంతకంటే మంచి మాట ఆ నోట రాదని నాకు తెలుసు. దుప్పట్లు పిండి ఎత్తుకుంటి.

పక్క చేన్లో కుంట తవ్వేదానికి జేసీబీ వచ్చుండె. దాన్ని బతిమాలి, తొట్టికి గొలుసులు కట్టించి, ఎత్తించి మా పెరట్లోకి తెప్పిస్తిమి. అంతా బాగానే జరిగె. దించేటప్పుడు మాత్రం ఒక మూల ముందు నేలకు తగిలి టక్కుమనె. నా పండ్లు జివ్వుమనినాయి. వంగి చూస్తే అడుగున సన్నగా బీట. నీళ్ళు పోసి చూస్తి. పోసినవి పోసినట్లే నేలలోకి దిగిపాయె.

పెద్దత్తకు ఫోను చేసి, ఏడుపు ఆపుకోని, ఆమెకు వినిపించేటట్ల గట్టిగా చెప్తి. "తెస్తిమత్తా, కానీ బీటిచ్చె. నీళ్ళు నిలవవు."

పెద్దత్త అడిగె. "ఉలవలు నిలుస్తాయా?"

"నిలుస్తాయి."

"ఇంకేమమ్మా మరి."

మండపం లేచె. విగ్రహం వచ్చె. తెర తీసే దినం షామియానా, మైకు, ఎవరెవరో పెద్దమనుషులు. మా తోడికోడలు కొత్త పట్టుచీర కట్టుకోని, నా పక్కన కూర్చోని, తల ఎత్తకుండా వేరుసెనగ ఉంటలు లెక్కలేకుండా తినె. మేష్ట్రు మైకు పట్టుకోని, కత్తి అనే పదంలో ఎంత శౌర్యం ఉండాదో చెప్పె, చెప్పె, చెప్తానే ఉండె. బెంగుళూరు వియ్యపోళ్ళు విగ్రహం కాళ్ళకు మొక్కి, దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మా ఇంటాయన చేతులు వెనక్కి కట్టుకోని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మనిషి మంచోడి మాదిరే ఉండాడు, ఎవరో తెలిస్తే బాగుండు" అనె. మర్నాటినుంచి కాకులు ఆ కత్తి మొన మీద కూర్చుంటాండాయి. ఈ చుట్టుపక్కల అంత ఎత్తులో అంత నునుపైన జాగా వాటికి ఇంకోటి లేదు. వీరుడి వల్ల మేలు కలిగింది వాటికే.

ఈ ఏడు తొలకరి బాగా పడె. ఉలవలు నానేస్తిమి. కానీ గాడిద? మా ఊర్లో బట్టలుతికేవాళ్ళు ఎప్పుడో స్కూటర్లు కొనుక్కున్నారు. కెంచార్లహళ్ళి పక్క గాడిదపాలు అమ్మేటోడు తిరుగుతాండాడని తెలిసి, మా ఇంటాయన పోయి వాణ్ణీ, వాని గాడిదనూ వెంటబెట్టుకొచ్చె. వాడు పెరట్లో తొట్టినీ, పసుపూ కుంకుమా పట్టుకోని నిలబడిన మమ్మల్నీ చూసి తల గోక్కునె. "గాడిదను పిండుకునేవాళ్ళనే చూసినా గానీ అక్కా, దానికి వడ్డించేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా."

ఉలవలు తొట్టిలో పోస్తాండంగా ఫోను మోగె. మరిది. చేన్లో ఆయప్ప భాగం కూడా మేమే సేద్యం చేస్తాము.

"వదినా, వాన పడిందంట కదా?"

"పడె."

"శెనక్కాయ విత్తనం బయటికి తీసినారా?"

"ఇంకా లేదు."

వెనక అంగట్లో ఎవరో సిమెంటు మూటలు వెయ్యమంటాండారు. మా మరిది గొంతు తగ్గించినాడు.

"తినిందా?"

"ఏంది తినల్ల అప్పా? నీ వీరుడికి ఇంకా ఎవరూ పెట్టలేదు."

"వదినా, అంగట్లో గిరాకీ ఉండారు. తినిందా లేదా చెప్పు."

"ఏది తినిందా అని పేరు పెట్టి అడిగితే కదా చెప్పేది!"

అవతల తలుపేదో మూసిన చప్పుడాయె. తర్వాత, చానా మెల్లగా, "గాడిద తినిందా వదినా?" అనె.

"ఇంకా మూతి పెట్టలేదు. ఉండు" అని ఫోను తీసుకపోయి తొట్టి అంచు మీద పెడ్తి. గాడిద వచ్చి ముందు ఆ ఫోన్నే వాసన చూసె. లోపలనుంచి మా మరిది హలో, హలో అంటాండె. అది కదలకుండా కాసేపు ఆయప్ప మాట విని, తల వంచి తినేదానికి మొదలుపెట్టె.